శేషాచల వృక్షజాతుల జన్యుసూచిక పరిశోధనలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తిరుపతి, చిత్తూరు, కడప ప్రాంతాల కొండల్లో సహజంగా పెరిగే ఎర్రచందనం, పేరీత వంటి జాతుల జన్యువైవిధ్యాన్ని డి.ఎన్.ఏ. సూచికలతో కొలిచే పద్ధతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రతి సూచికా ఒక నిర్దిష్టమైన ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పగలదు. ప్రశ్న నిర్ణయం కాకముందే సూచికను ఎంచుకోవడం వల్ల ఈ కొండల మొక్కల గురించి మనకు అంకెలు దొరికాయి గాని, అడవి తిరిగి తనను తాను పెంచుకుంటున్నదా అన్న విషయం తెలియలేదన్నది ఇక్కడి వాదం.

కీలకపదాలు: శేషాచలం, ఎర్రచందనం, పేరీత, జన్యుసూచికలు, పరాగసంపర్కం, కలప నేరపరిశోధన

1. ఉపోద్ఘాతం

శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ శ్రేణులు ఎర్రచందనానికి పుట్టిల్లు. ఈ చెట్టుతోపాటు పేరీత, తెల్లకరక, మొగి, తంబజాలారి, కొండసాంబ్రాణి, కొండకొత్తిమీర వంటి మొక్కలు కూడా ఈ తూర్పుకనుమల ముక్కలో తప్ప బయట చాలా అరుదుగా కనిపిస్తాయి, లేదా అసలే కనిపించవు. 1989లో సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. 2010లో 4,756 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని శేషాచలం జీవావరణ రక్షితప్రాంతంగా ప్రకటించారు. హద్దులు గీయడం పూర్తయింది. ఆ హద్దుల లోపల ఉన్న చెట్లు ఒకదానికొకటి ఏమవుతాయి, ఏ చెట్టు పుప్పొడి ఏ చెట్టును చేరుతున్నది, నేడు మొలకెత్తుతున్న తరం నిన్నటి తరంలో ఎందరి సంతానం అన్నవి హద్దులు చెప్పలేని సంగతులు. వాటిని చెప్పగల సాధనంగానే జన్యుసూచికలను వృక్షశాస్త్రవేత్తలు ఆశ్రయించారు.

ఇది కేవలం విద్యావిషయకమైన కుతూహలం కాదు. ఎర్రచందనం 1995 నుంచి అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండవ అనుబంధంలో ఉంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్రజాబితాలో 2018లో ‘ముప్పుకు చేరువలో ఉన్న’ జాతిగా కాస్త తెరిపిన పడి, కొద్ది సంవత్సరాలకే తిరిగి ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ జాతిగా మారింది. ఈ కలప కోసం జరిగిన అక్రమ నరికివేత మనుషుల ప్రాణాలనూ తీసుకుంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన ఇరవై మంది మరణించారు. ఇంత బరువు మోస్తున్న చెట్టు గురించి విజ్ఞానశాస్త్రం చెప్పే మాట ఎంత నమ్మదగినదో పరీక్షించుకోవడం అవసరం.

2. రెండు మాటల గురించి

ముందుగా పరిభాష. ‘మార్కర్’ అన్న మాటకు తెలుగులో ‘సూచిక’ అనీ, ‘గుర్తు’ అనీ రెండు అనువాదాలు వాడుకలో ఉన్నాయి. అడవిలో గుర్తు అంటే మనిషి పెట్టేది. కొట్టవలసిన మానుకు అటవీ ఉద్యోగి వేసే సుత్తిముద్ర గుర్తు. జన్యుశాస్త్రంలో మార్కర్‌ను ఎవరూ పెట్టరు. అది చెట్టు డి.ఎన్.ఏ.లో ముందే ఉన్న ఒక తేడా. పరిశోధకుడు దాన్ని చూడగలిగే దారిని మాత్రమే తయారు చేస్తాడు. ‘సూచికను అభివృద్ధి చేశాము’ అన్న వాక్యానికి నిజమైన అర్థం ఇంతే. ఈ తేడాను మరచినప్పుడు, ఏ దారి వేశామో అటువైపు ఉన్నదే అడవి మొత్తమనే భ్రమ కలుగుతుంది. అందుచేత ఈ వ్యాసంలో ‘సూచిక’ అన్న మాటనే వాడుతున్నాను.

రెండవది ‘పాపులేషన్’. దీనికి ‘జనాభా’ అన్న తర్జుమా పత్రికల్లో స్థిరపడుతున్నది. జనాభా తలల లెక్క. వృక్షశాస్త్రంలో ఆ పదానికి ప్రాణం లెక్కలో లేదు, సంబంధంలో ఉంది. తమలో తాము పుప్పొడిని, విత్తనాన్ని ఇచ్చిపుచ్చుకునే మొక్కల కూటమి అది. ‘సముదాయం’ అనడం మేలు. తలకోన దగ్గర వంద చెట్లు, మామండూరు దగ్గర వంద చెట్లు ఉంటే అవి రెండు సముదాయాలో ఒకటో లెక్కపెట్టి చెప్పలేము. చాలా వ్యాసాల్లో మాత్రం ఆకులు కోసిన చోటు పేరే సముదాయం పేరుగా మారిపోతుంది. నిరూపించవలసిన విషయం పట్టికలోని మొదటి గడిలోనే నిర్ణయమై కూర్చుంటుంది.

3. ఒకే జెల్, రెండు జవాబులు

మొక్కల సముదాయాలను అణుస్థాయిలో పరిశీలించడం 1960ల చివర ఎంజైముల రూపభేదాలతో మొదలైంది. పి.సి.ఆర్. వచ్చాక, అంటే కోరుకున్న డి.ఎన్.ఏ. ముక్కను పరీక్షనాళికలో లక్షల రెట్లు పెంచుకొనే వీలు కలిగాక, పద్ధతులు వరుసగా పుట్టుకొచ్చాయి. 1989లో సూక్ష్మపునరావృతాలు అనదగిన మైక్రోశాటిలైట్లు, 1990లో ఆర్.ఏ.పి.డి., 1994లో ఐ.ఎస్.ఎస్.ఆర్., 1995లో ఏ.ఎఫ్.ఎల్.పి., 2008లో కొత్తతరం క్రమనిర్ధారణపై ఆధారపడిన రాడ్ పద్ధతి వచ్చాయి. మన ప్రాంతపు మొక్కల మీద ఎక్కువగా ప్రయోగించినవి ఆర్.ఏ.పి.డి., ఐ.ఎస్.ఎస్.ఆర్.లు. ఎర్రచందనం వైవిధ్యాన్ని కూడా వీటితో కొలిచారు.

ఈ ఎంపికను తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. ఆర్.ఏ.పి.డి.కి ఆ మొక్క జన్యుపదార్థం గురించి ముందుగా ఏమీ తెలియనక్కరలేదు. పది అక్షరాల ప్రైమర్ ఒకటి కొనుక్కొని, సాధారణ పి.సి.ఆర్. యంత్రం, అగరోజ్ జెల్ ఉంటే చాలు. ఒక జిల్లా కేంద్రంలోని కళాశాల ప్రయోగశాలకు అందిన మొదటి డి.ఎన్.ఏ. పద్ధతి అదే. ఆకుల్లో పాలీఫినాల్సు, జిగురుపదార్థాలు దండిగా ఉన్న ఔషధవృక్షాల నుంచి శుభ్రమైన డి.ఎన్.ఏ. తీయడమే పెద్ద పని. ఆ పనిని ఓపికగా చేసి ప్రచురించినవారు తరువాత వచ్చినవారికి దారి వేశారు.

కాని పద్ధతి అందుబాటులో ఉండడం వేరు, అది ఇచ్చే అంకెకు అర్థం ఉండడం వేరు. ఆర్.ఏ.పి.డి., ఐ.ఎస్.ఎస్.ఆర్. రెండూ బహిర్గత సూచికలు. జెల్ మీద పట్టీ కనిపిస్తుంది, లేదా కనిపించదు. ఒక చెట్టుకు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ పట్టీనిచ్చే రూపం వచ్చినా, ఒకరి నుంచే వచ్చినా జెల్ మీద తేడా తెలియదు. అంటే చెట్టు సమయుగ్మజమో విషమయుగ్మజమో కంటికి అందదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఊహకు వంద చెట్లు తీసుకున్నామనుకుందాం. వాటిలో 16 చెట్లకు పట్టీ లేదు. చెట్లన్నీ యాదృచ్ఛికంగా పరపరాగ సంపర్కం జరుపుకుంటున్నాయని అనుకుంటే, పట్టీ ఇవ్వని రూపం తరచుదనం 16 శాతానికి వర్గమూలం, అంటే 0.4 అవుతుంది. అప్పుడు వందలో 48 చెట్లు విషమయుగ్మజాలు. అలా కాక, తరతరాలుగా ఆత్మపరాగ సంపర్కమే జరిగి సముదాయం పూర్తిగా అంతఃప్రజననంలో పడిందని అనుకుంటే, అదే రూపం తరచుదనం 0.16. విషమయుగ్మజాలు సున్నా. జెల్ ఒకటే, పట్టీలు అవే. ఒక లెక్కలో ఆరోగ్యంగా ఉన్న అడవి, మరొక లెక్కలో చితికిపోయిన అడవి.

ఈ రెండింటిలో ఏది నిజమో తెలుసుకోవడానికే గదా అధ్యయనం మొదలుపెట్టింది! వాడుకలో ఉన్న గణన కార్యక్రమాలు యాదృచ్ఛిక సంపర్కం జరుగుతున్నదని ముందే అంగీకరించి వైవిధ్యసూచీని ఇస్తాయి. జవాబును ప్రశ్నలోనే దాచి, తిరిగి జవాబుగా బయటికి తీసినట్లు అవుతుంది. ఫలితాల పట్టికల్లో మూడు దశాంశ స్థానాల వరకు కనిపించే ఖచ్చితత్వం ఈ లోపాన్ని కప్పిపుచ్చుతుంది.

‘బహురూపకత శాతం’ మరింత బలహీనమైన కొలత. ఎన్ని ప్రైమర్లను పరీక్షించి ఎన్నింటిని ఉంచుకున్నారన్నదాని మీదా, ఎన్ని చెట్లను తీసుకున్నారన్నదాని మీదా అది ఆధారపడుతుంది. స్పష్టమైన పట్టీలు, అందులోనూ తేడాలు చూపే పట్టీలు ఇచ్చే ప్రైమర్లనే ఎంచుకుంటే శాతం పెరగక ఏమవుతుంది? వేర్వేరు ప్రైమర్లతో చేసిన రెండు అధ్యయనాల శాతాలను పక్కపక్కన పెట్టి ఫలానా కొండ చెట్లు మిన్న అనడానికి ఆధారం లేదు. అయినా ‘అధిక వైవిధ్యం గల సముదాయాలకు పరిరక్షణలో ప్రాధాన్యం ఇవ్వాలి’ అన్న సిఫారసుతో ముగియడం ఈ కోవ వ్యాసాలకు ఆనవాయితీ అయింది. విత్తనం ఎక్కడ సేకరించాలి, ఏ లోయను వదిలేయవచ్చు అన్న నిర్ణయం అలాంటి వాక్యం మీద నిలబడితే నష్టపోయేది అడవి.

4. ఏ చెట్ల ఆకులు?

సూచిక తరువాతి ప్రశ్న నమూనాది. రక్షిత అరణ్యంలో ఆకు కోయడానికి అనుమతులు కావాలి. అనుమతి దొరికినా లోయల్లోకి దారులు లేవు. అందువల్ల నమూనాలు రహదారుల వెంట, అటవీశాఖ తోటల చుట్టూ పోగుపడడం సహజం. తోటల్లోని చెట్లు ఎక్కడి విత్తనంతో పెరిగాయో తెలియకుండా వాటిని ఆ కొండ ప్రతినిధులుగా లెక్కించడం మాత్రం సమర్థనీయం కాదు.

ప్రదేశాల పేర్లు కూడా చిక్కు తెస్తాయి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు సేకరించిన మొక్కల రేకుల మీద ఉత్తర ఆర్కాటు, కడప అన్న పేర్లుంటాయి. 2022లో తిరుపతి, అన్నమయ్య జిల్లాలు వచ్చాయి. ‘చిత్తూరు సముదాయం’ అని పాత వ్యాసంలో ఉంటే అది నేటి ఏ జిల్లాలోని ఏ కొండో పాఠకుడే ఊహించుకోవాలి. అక్షాంశ రేఖాంశాలు ఇవ్వని అధ్యయనాన్ని పదేళ్ల తరువాత మళ్లీ చేసి సరిచూడడం దాదాపు అసాధ్యం.

ఇంతకంటే ముఖ్యమైనది వయస్సు. ఎర్రచందనం నిదానంగా పెరిగే చెట్టు. నేడు ఆకు కోసుకొచ్చే పెద్దచెట్టు అక్రమ నరికివేత ముమ్మరం కావడానికి చాలా ముందు మొలకెత్తినది. దాని డి.ఎన్.ఏ. చెప్పేది ఆనాటి అడవి కథ. నిన్న సగం చెట్లు కొట్టేసినా, మిగిలిన సగంలో ప్రతి చెట్టూ తాను పుట్టినప్పటి వైవిధ్యాన్ని అలాగే మోస్తూ ఉంటుంది. కాబట్టి పెద్దచెట్లలో వైవిధ్యం బాగానే ఉందన్న ఫలితం నరికివేత వల్ల నష్టం లేదని చెప్పదు. నష్టం మొదట కనిపించేది మొలకల్లో. మోకాలెత్తు మొక్కలనూ వాటి పక్కనున్న పెద్దచెట్లనూ ఒకే సూచికలతో పోల్చినప్పుడే ఒక తరం నుంచి మరొక తరానికి ఏమి జారిపోయిందో తెలుస్తుంది. ఈ పోలికకు పెద్ద ఖర్చు లేదు. ఆకులు కోసే రోజున కిందికి వంగి మరో నాలుగు ఆకులు కోయడమే.

ఇంకొక చిన్న విషయం. నరికిన ఎర్రచందనం మొద్దు నుంచి పిలకలు వేస్తుంది. ఒకే మొద్దు నుంచి లేచిన మూడు కాండాలు కొన్నేళ్లకు మూడు చెట్లలా కనిపిస్తాయి. జన్యుపరంగా అది ఒకే చెట్టు. ఒక్కో వ్యక్తిగత చెట్టును వేరుచేసి గుర్తించగల సూచిక లేకపోతే ఈ కాండాలు మూడు నమూనాలుగా లెక్కకెక్కుతాయి.

5. తండ్రి చెట్టు జాడ

ఎర్రచందనం పూత గురించి మనకు మంచి పరిశీలన ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో దాని పరాగసంపర్క విధానాన్ని వివరించారు. వేసవి మొదట్లో చెట్టు ఒక్కసారిగా విరగబూస్తుంది. పూలు రాత్రివేళ విచ్చుకుంటాయి. కొండతేనెటీగలు, పుట్టతేనెటీగలు, కుట్టని చిన్న తేనెటీగలు పుప్పొడిని మోస్తాయి. పరపరాగ సంపర్కానికే మొగ్గు ఎక్కువ. కాయలు రెక్కలు కలిగి గాలికి కొంతదూరం పోతాయి.

ఈ వర్ణన చదివినవారికి వెంటనే తోచవలసిన ప్రశ్న ఒకటుంది. చుట్టుపక్కల పూచే చెట్లు కరువైతే తేనెటీగ ఏం చేస్తుంది? ఒక్క చెట్టు మీదే వేలకొద్దీ పూలు ఉన్నప్పుడు అది ఆ చెట్టు మీదే తిరుగుతుంది. పుప్పొడి తన చెట్టు పూలకే చేరుతుంది. అటువంటి సంపర్కం వల్ల కాయ నిలవకపోవచ్చు, నిలిచినా గింజ బలహీనం కావచ్చు. బయటికి మాత్రం అడవి పసుపుపచ్చగా పూసి నిండుగానే కనిపిస్తుంది.

దీనికి జవాబు చెప్పగలిగేవి మైక్రోశాటిలైట్ల వంటి సహబహిర్గత సూచికలు. వీటిలో తల్లి ఇచ్చిన రూపం, తండ్రి ఇచ్చిన రూపం రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ఉదాహరణకు ఒక తల్లిచెట్టుకు ఒకచోట 152, 158 పొడవు గల రూపాలున్నాయనుకుందాం. దాని కొమ్మనుంచి కోసిన కాయలోని గింజకు 152, 164 ఉంటే, 164 తండ్రి ఇచ్చినది. ఇలాంటి పది పదిహేను చోట్ల సమాచారం కలిపితే, చుట్టూ ఉన్న చెట్లలో ఏది తండ్రి కాగలదో, ఏది కాజాలదో తేలుతుంది. ఒక చెట్టు కాయలకు ఎందరు తండ్రులు, ఎంత దూరం నుంచి, స్వయంగా తానే ఎన్నింటికి తండ్రి అన్నది లెక్కకు వస్తుంది. పలచబడిన అడవిలోనూ, దట్టంగా మిగిలిన చోటా ఇదే పని చేస్తే నరికివేత ప్రభావం సూటిగా తెలుస్తుంది.

ఈ సూచికలు కూడా దోషరహితం కావు. దగ్గరి జాతుల్లో తయారైన ప్రైమర్లను అరువు తెచ్చి వాడినప్పుడు కొన్ని రూపాలకు ప్రైమర్ అతకదు. అప్పుడు విషమయుగ్మజం సమయుగ్మజంలా కనిపించి, లేని అంతఃప్రజననం ఉన్నట్లు లెక్క వస్తుంది. తల్లినీ గింజలనూ కలిపి చూస్తే ఈ దోషం దొరికిపోతుంది. తల్లి ఇచ్చి తీరవలసిన రూపం గింజలో లేకపోతే తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది. కేవలం పెద్దచెట్ల ఆకులతో చేసే అధ్యయనానికి ఇలా తనను తాను సరిచూసుకొనే వీలు తక్కువ.

హరితరేణువు డి.ఎన్.ఏ. విషయం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పూలు పూచే మొక్కల్లో చాలావాటికి అది తల్లి నుంచే వస్తుంది. కాబట్టి అది గింజ నడిచిన దారిని చూపుతుంది. కేంద్రకంలోని డి.ఎన్.ఏ. గింజ, పుప్పొడి రెండూ నడిచిన దారులను కలిపి చూపుతుంది. పాలకొండలకూ లంకమలకూ మధ్య పెన్న పారుతున్నది. ఆ లోయను రెక్కలకాయ దాటగలదా, లేక తేనెటీగ మాత్రమే దాటగలదా అన్నది ఈ రెండు రకాల సూచికలనూ పక్కపక్కన పెట్టి తేల్చదగిన ప్రశ్న. ఒక్క రకంతో తేలదు.

ఏ సూచికతోనూ తేలని ప్రశ్న కూడా ఒకటుంది. జపానులో షామిసెన్ వాద్యానికి కోరి వాడే ఎర్రచందనంలో అలలు తిరిగిన నార గల కలపకు గిరాకీ ఎక్కువ. దొంగలూ అటువంటి మానునే వెతుకుతారు. ఆ లక్షణం వంశపారంపర్యమైతే అడవి ఆ లక్షణాన్ని ఏరి కోల్పోతున్నట్లే. మనం వాడే సూచికలు ఎంపిక ఒత్తిడికి తటస్థంగా ఉండే చోట్ల నుంచి తీసుకున్నవి. వాటిలో వైవిధ్యం నిలిచి ఉన్నా ఈ నష్టం కనపడదు. నార తీరు తెలిసిన తల్లిచెట్ల గింజలను వేర్వేరు నేలల్లో పెంచి చూడడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

6. పేరీత చెప్పే లెక్క

ఎర్రచందనం పేరు మారుమోగుతున్నంతగా పేరీత పేరు వినపడదు. సైకస్ బెడ్డోమై అన్న ఈ మొక్క పూలు పూసే మొక్కల కన్నా పురాతనమైన వంశానికి చెందినది. సైటిస్ మొదటి అనుబంధంలో, అంటే ఎర్రచందనం కన్నా కఠినమైన రక్షణలో ఉంది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ శంకువులను నాటువైద్యం కోసం కోసుకుపోవడం ఈ కొండల్లో పాత అలవాటు.

ఇక్కడ తలల లెక్క ఎంత మోసగించగలదో చూడండి. ఒక గుట్టమీద వంద పెద్ద పేరీతలున్నాయనుకుందాం. యాభై మగ, యాభై ఆడ అయితే జన్యుశాస్త్ర పరిభాషలో ప్రభావక సంఖ్య వంద. శంకువులు కోసేయడం వల్ల పుప్పొడి ఇవ్వగలిగిన మగ మొక్కలు పదే మిగిలి, ఆడ మొక్కలు తొంభై ఉన్నాయనుకుంటే, నాలుగు రెట్లు పది ఇంటూ తొంభైని వందతో భాగించగా వచ్చేది 36. గుట్టమీద మొక్కలు వందే. తరువాతి తరానికి వైవిధ్యాన్ని అందించడంలో అవి ముప్పై ఆరు మొక్కలతో సమానం. యాభై శంకువులు కోసినవారు ఒక్క మొక్కనూ చంపలేదు గనుక ఏ గణనలోనూ ఈ నష్టం నమోదు కాదు.

2022 డిసెంబరులో మాంట్రియల్‌లో అంగీకరించిన కున్మింగ్–మాంట్రియల్ ప్రపంచ జీవవైవిధ్య ప్రణాళికలో ఈ ప్రభావక సంఖ్యకు చోటు దొరికింది. ఒక జాతి సముదాయాల్లో ఎన్నింటి ప్రభావక సంఖ్య 500కు మించి ఉన్నదన్నది ఇప్పుడు దేశాలు నివేదించవలసిన కొలత. డి.ఎన్.ఏ. సమాచారం లేనిచోట పెద్దమొక్కల సంఖ్యలో పదోవంతును ప్రభావక సంఖ్యగా తీసుకోవచ్చునన్న వెసులుబాటు ఉంది. పేరీత వంటి మొక్కకు ఆ పదోవంతు వర్తిస్తుందో లేదో మగ, ఆడ మొక్కలను వేరువేరుగా లెక్కించకుండా చెప్పలేము. ఈ పనిలో మొదటి మెట్టుకు ప్రయోగశాల కూడా అక్కరలేదు. శంకువులు వచ్చే కాలంలో కొండ ఎక్కి, ఏది మగదో ఏది ఆడదో రాసుకుంటే చాలు. కొలతల్లో అతి చవకైనదాన్ని వదిలి అతి ఖరీదైనదానితో మొదలుపెట్టే తొందర మన పరిశోధనలో ఉందనిపిస్తుంది.

7. చేవలోని సాక్ష్యం

జన్యుసూచికల మీద ప్రభుత్వానికీ న్యాయస్థానాలకూ ఉన్న ఆశ వేరు. దుంగ ఎక్కడిదో చెప్పమని అవి అడుగుతాయి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన ల్యాకోన్స్ వన్యజంతువుల మాంసం, చర్మం, వెంట్రుకల నుంచి జంతువును గుర్తించి కోర్టులకు ఆధారాలు ఇస్తున్నది. కలప విషయంలోనూ ప్రపంచంలో అటువంటి ఉదాహరణలున్నాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జాతీయ అరణ్యం నుంచి దొంగిలించిన బిగ్‌లీఫ్ మేపుల్ దుంగలకూ మొదళ్లకూ డి.ఎన్.ఏ. జోడీ కుదిరిందని 2021లో ఫెడరల్ న్యాయస్థానం ముందు సాక్ష్యం నడిచింది.

ఇక్కడ మూడు ప్రశ్నలను కలగలపడం చూస్తుంటాం. మొదటిది, ఇది ఎర్రచందనమా, అదే ప్రజాతికి చెందిన వేగిసా? ఇది జాతిని గుర్తించే ప్రశ్న. దీనికి హరితరేణువులోని ప్రామాణిక బార్‌కోడ్ ప్రాంతాలు చాలావరకు సరిపోతాయి. రెండవది, ఇది అడవిదా, రైతు తోటలోదా? ఇదే నేడు వాణిజ్యానికి ప్రాణమైన ప్రశ్న. 2019లో పట్టాభూముల్లో పెంచిన ఎర్రచందనం ఎగుమతికి భారతప్రభుత్వం వీలు కల్పించింది. 2004 నుంచి సాగుతున్న గణనీయ వాణిజ్య సమీక్ష నుంచి ఈ చెట్టును 2023 నవంబరులో సైటిస్ స్థాయీసంఘం తొలగించింది. తోటకలప పేరుతో అడవికలప బయటికి పోదన్న నమ్మకం మీదే ఈ నిర్ణయాల ఫలితం ఆధారపడి ఉంది.

ఈ రెండవ ప్రశ్నకు డి.ఎన్.ఏ. జవాబు చెబుతుందన్న ఆశ ఎంతవరకు నిజం? తోటలు ఈ కొండల విత్తనంతోనే పెరిగాయి. అడవికీ తోటకూ మధ్య ఉన్నది ఒకటి రెండు తరాల దూరం మాత్రమే. ఇంత కొద్ది కాలంలో సముదాయస్థాయిలో వాటిని వేరుచేయగల తేడా ఏర్పడదు. ఎన్ని వేల సూచికలు వాడినా ‘ఇది తోటచెట్టు’ అని ముఖం చూసి చెప్పడం సాధ్యం కాదు. సాధ్యమయ్యేది మరొకటుంది. ఎగుమతికి నమోదు చేసుకొనే ప్రతి తోటచెట్టు ఆకునూ కొట్టకముందే తీసి దాచిపెడితే, ఓడరేవులో దొరికిన దుంగ ఆ జాబితాలో ఉందో లేదో తేలుతుంది. అప్పుడు ప్రశ్న ‘ఏ సముదాయానిది’ అని కాక ‘ఫలానా చెట్టేనా’ అని మారుతుంది. సూచికల తయారీ కూడా దాన్ని బట్టి మారాలి.

ఎందుకంటే దుంగ ఆకు కాదు. చేవలోని కణాలు ఎన్నడో చనిపోయినవి. వాటి డి.ఎన్.ఏ. ముక్కలు ముక్కలై ఉంటుంది. ఎర్రచందనానికి ఆ రంగునిచ్చే శాంటలిన్ల వంటి పదార్థాలు ద్రావణంలో మిగిలితే పి.సి.ఆర్.ను ఆటంకపరుస్తాయి. ఆకు మీద అందంగా పనిచేసిన ఆర్.ఏ.పి.డి. చేవమీద విశ్వసనీయం కాదు. ముక్కలైన డి.ఎన్.ఏ.లో పొడవైన పట్టీలు రాకపోతే, అవి లేకపోవడం జన్యుతేడా అయినట్లు లెక్కకు వస్తుంది. పొడవు ఎక్కువైన మైక్రోశాటిలైట్లకూ ఇదే ఇబ్బంది. యాభై, వంద అక్షరాల చిన్న ముక్కలో పట్టుబడే ఏకాక్షర భేదాలను ఎంచుకొని, తెల్లచెక్క మిగిలి ఉన్నచోట దాన్నే ముందుగా తీసుకోవడం వివేకం. ‘సూచికలను అభివృద్ధి చేశాం, ఇవి నేరపరిశోధనకూ ఉపయోగపడతాయి’ అని రాసే వ్యాసం కనీసం ఒక పాత దుంగమీద వాటిని పరీక్షించి చూపాలని కోరడం అత్యాశ కాదు.

మూడవ ప్రశ్న, ఈ దుంగ ఏ మొద్దు నుంచి తెగింది అన్నది. మొద్దు ఎండిపోయి చెదలు పట్టాక నమూనా దొరకదని సాధారణంగా వదిలేస్తారు. కాని ఎర్రచందనం మొద్దు పిలకలు వేస్తుందని పైన చెప్పుకున్నాం. సముదాయ అధ్యయనంలో లెక్కను తప్పించిన ఆ పిలకే ఇక్కడ అక్కరకు వస్తుంది. తెగిపోయిన మాను డి.ఎన్.ఏ. ఏదో పిలక ఆకులోని డి.ఎన్.ఏ. కూడా అదే. పైగా అది పచ్చి ఆకు గనుక శుభ్రంగా దొరుకుతుంది. నరికివేత జరిగిన చోటును నమోదు చేసే అటవీ సిబ్బంది, వాన పడిన కొన్ని వారాలకు మళ్లీ ఆ మొద్దు దగ్గరికి వెళ్లి, నాలుగు ఆకులు కోసి సిలికా జెల్ ఉన్న సంచిలో వేసి, స్థలం, తేదీ రాసి భద్రపరిస్తే, గోదాముల్లో పడి ఉన్న దుంగలతో పోల్చడానికి కావలసిన రెండవ సగం సమకూరుతుంది.